కొండలు సరే, నీళ్ళు ఎక్కడివి?

సంపాదకుడు గారికి, నమస్కారం.

గత వారం మీ లేఖల పేజీలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. అంతకు ముందు ఆదివారం మీరు ప్రచురించిన కొలరాడో కొండల ఫొటోలు చూసి ఆయనకు ఒళ్ళు మండింది. డాలస్‌లో కుదురుగా ఉన్న సంసారాలను ఎత్తుకుని, నడవడానికి కొండలున్నాయని డెన్వర్ వైపు వెళ్తున్న మన పిల్లలకు బుద్ధి లేదన్నారు. కొండలే కావాలంటే అరకు లేదా అన్నారు. ఇదంతా తిన్నది అరగని మగపిల్లల సరదా అని తేల్చేశారు. సరిగ్గా అదే తగవు మా ఇంట్లో రెండు నెలలుగా ఫోనులో నడుస్తోంది. అబ్బాయి, కోడలు ఇద్దరూ నన్నే మధ్యవర్తిగా పెట్టారు కాబట్టి ఆయనకు జవాబు రాసే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

మొదటి సంగతి. మా ఇంట్లో వెళ్దామంటున్నది అబ్బాయి కాదు, కోడలు. ఆమెది సాలూరు. వీధిలోకి వస్తే కొండలు కనిపించే ఊరు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్టుమెంటులో ఉంటూ, తెల్లవారకముందే లేచి పరుగెత్తే మనిషి. "అత్తయ్యా, ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా పొద్దెక్కితే బయట కాలు పెట్టలేం. చల్లబడ్డాక నడుద్దామంటే ఎటు చూసినా కంచెలే" అంటుంది. కంచెల మాట నిజం. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా సొంతదారులదే. కొలరాడోలో మూడో వంతుకు పైగా కేంద్ర ప్రభుత్వ భూమి. అడవులు, జాతీయ పార్కులు, మేత భూములు. వాటిలో చాలా భాగంలో ఎవరైనా నడవచ్చు. రాకీ మౌంటెన్, మెసా వెర్డే, గ్రేట్ శాండ్ డ్యూన్స్, బ్లాక్ కాన్యన్ అని నాలుగు జాతీయ పార్కులున్నాయి. పద్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి. నేను ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. గోడ మీద పటంలో రాకీ పర్వతాలను బెత్తంతో చూపించడమే తప్ప వాటి కింద కాపురం పెట్టాలనుకునే మనిషి నా ఇంటికి కోడలిగా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఆ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఇంకొక మాట. పని కోసం వెళ్ళినవాళ్ళు పని చూసుకోవాలట. మా శ్రీకాకుళం జిల్లావాళ్ళకు వలస గురించి ఒకరు చెప్పాలా? మా తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి పరాయివాళ్ళ పడవల మీద వేటాడతారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్రవాళ్ళు కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో గాని సరిహద్దు దాటి ఇంటికి రాలేదు. చెన్నైలో, హైదరాబాద్‌లో కట్టే ఏ మేడ దగ్గరైనా మా మాట వినిపిస్తుంది. వీళ్ళలో ఒక్కరినీ ఎవరూ "నీకు ఏ ఊరు ఇష్టం?" అని అడగలేదు. తరాల తరబడి పని లాక్కుపోయిన చోటికి వెళ్ళిన జిల్లాలో ఒక పిల్ల "నాకు ఈ చోటు ఇష్టం, అక్కడ ఉంటాను" అంటే నాకు సంతోషమే వేసింది. అందులో తిన్నది అరగకపోవడం ఏముంది?

అయితే ఇష్టం ఉంటే చాలని నేను అనను. నేను ఉద్దానం మనిషిని. పచ్చగా కనిపించే చోటు మనిషిని ఏం చేయగలదో మాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో మల్లె పందిళ్ళు; పక్కనే బారువ సముద్రం. బయటివాళ్ళు వచ్చి ఇది మరో కోనసీమ అని మెచ్చుకుని వెళ్తారు. ఇక్కడ ఇంటింటికీ కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ ఖాయంగా చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో మంచినీళ్ళు తెచ్చారు. అంత పచ్చదనం మధ్య ఉన్నవాళ్ళకు తాగే నీళ్ళు ఎక్కడి నుంచో రావలసి వచ్చింది. అందుకే కోడలు కొండల ఫొటోలు పంపితే నేను అడిగిన మొదటి ప్రశ్న, "బాగున్నాయమ్మా, నీళ్ళు ఎక్కడివి?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో మా ఇంటిల్లిపాదికీ చాలా విషయాలు తెలిశాయి. డెన్వర్‌లో ఏడాదికి పడే వాన పదిహేను అంగుళాల లోపే. మనకు పడేదానిలో మూడో వంతు. ఆ రాష్ట్రంలో నీటిలో ఎనభై శాతం దాకా కొండలకు పడమటి వైపున ఉంటుంది, జనంలో ఎనభై శాతానికి పైగా తూర్పు వైపున ఉంటారు. అందుకని కొండల కింద సొరంగాలు తవ్వి నీటిని ఇటు తెచ్చుకున్నారు. రాకీ మౌంటెన్ పార్కు కిందుగా పోయే ఆడమ్స్ సొరంగం పొడవు 13 మైళ్ళు, 1947 నుంచి పారుతోంది. మా కోడలు కన్నేసిన లాంగ్‌మాంట్ ఊరికి వచ్చే నీటిలో కొంత దానిదే. ఇక కొలరాడో నది నీటిని ఏడు రాష్ట్రాలు 1922లోనే ఒప్పందం రాసుకుని పంచుకున్నాయి. నదిలో ఎంత పారుతుందనుకున్నారో అంత పారడం లేదని ఇప్పుడు తగవులాడుకుంటున్నాయి. వంశధార కోసం ఒడిశాతో ట్రిబ్యునల్ దాకా వెళ్ళిన జిల్లా మాది. పై రాష్ట్రం, కింది రాష్ట్రం అన్న గొడవ మాకు విడమరచి చెప్పనక్కర్లేదు.

మా వారిని నోరు తెరిచేలా చేసినది మాత్రం ఇది. కొలరాడోలో ఇంటి చూరు నుంచి కారే వాన నీళ్ళను తొట్టిలో పట్టుకోవడానికి 2016 దాకా మామూలు ఇంటివాళ్ళకు చట్టం ఒప్పుకునేది కాదు. నీటి మీద హక్కు ముందు వచ్చినవాడిది, వాన చుక్క నేల మీద పడకముందే కింద ఎవరో ఒకరి లెక్కలో ఉంటుంది. ఇప్పుడు రెండు పీపాలు పెట్టుకోవచ్చు, మొత్తం 110 గ్యాలన్లు. మన కొలతలో నాలుగు వందల లీటర్ల పైచిలుకు. "మన ఇంటి చూరు మీద పడిన వాన మనది కాదా?" అని మా వారు ఆ రోజంతా అడుగుతూనే ఉన్నారు.

ఎత్తు సంగతి చెప్తాను. మా డాబా ఎక్కితే మబ్బు లేని రోజున మహేంద్రగిరి కనిపిస్తుంది. దాని శిఖరం 1,501 మీటర్లు. డెన్వర్‌లో శాసనసభ భవనం మెట్టు మీద 'సముద్ర మట్టానికి ఒక మైలు' అని గుర్తు పెట్టారు, అంటే 1,609 మీటర్లు. మనకు శిఖరమైనది వాళ్ళకు నడి బజారన్నమాట. అక్కడ నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కందిపప్పు గిన్నెలో ఒక పట్టాన ఉడకదు, కుక్కరు ఉంటే మేలు. గాలి పొడి. కొత్తగా వచ్చినవాళ్ళకు ముక్కులో రక్తం రావడం, తలనొప్పి మామూలట. ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మాన్ని కాలుస్తుందట. ఇవి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు నాలుగు రోజుల ముచ్చట. కాని మన ప్రాంతం పిల్లలు వెళ్ళేటప్పుడు ఒకటి చూసుకోవాలి. సాలూరు, పార్వతీపురం, సీతంపేట వైపు ఏజెన్సీ పల్లెల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జబ్బుగా బయటపడకుండా లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళకు కూడా అంత ఎత్తులో, అందులోనూ కొండ ఎక్కే శ్రమలో, ప్లీహం దెబ్బ తినే ప్రమాదం ఉంది. కోడలిని పరీక్ష చేయించుకోమన్నాను. "అత్తయ్యా, మాకు ఎవరికీ లేదు" అంది. లేకపోతే కాగితం మీద లేదని రాయించుకో అన్నాను. రాయించుకుంది.

ఇక నిప్పు. నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. తెల్లారి తోటలోకి వెళ్తే మా మామగారు నాటిన కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. కొబ్బరి చెట్టు అప్పు లాంటిది కాదు, ఇవాళ అడిగితే రేపు రాదు, ఆరేడేళ్ళు కావాలి. కాబట్టి గాలి అన్న మాట వింటే నేను చెవి రిక్కిస్తాను. 2021 డిసెంబరు 30న కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో మార్షల్ ఫైర్ అనే మంట లేచింది. అది అడవిలో కాదు, ఎండిన గడ్డి మైదానంలో. గంటకు నూరు మైళ్ళు దాటిన గాలికి అది సుపీరియర్, లూయిస్‌విల్ అనే ఊళ్ళ మీద పడి ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్ళను బూడిద చేసింది. నడి చలికాలంలో. మర్నాడు మంచు కురిసింది. అవి అడవి అంచు గుడిసెలు కావు, మన పిల్లలు కొనుక్కునే లాంటి ఇళ్ళే. లాంగ్‌మాంట్‌కు అరగంట దూరం. అంతకు ముందు ఏడాది, 2020లో, కామెరాన్ పీక్ మంట రెండు లక్షల ఎకరాలు దాటింది. అదే ఏడాది ఈస్ట్ ట్రబుల్‌సమ్ మంట పర్వత శ్రేణి మీదుగా అటు నుంచి ఇటు దూకింది.

మార్షల్ మంట తర్వాత తెలిసినది ఇంకా బాధ. బీమా ఉన్న ఇళ్ళే చాలా. ఉన్న బీమా తిరిగి కట్టుకోవడానికి సరిపోలేదు. ఇప్పుడు కొన్ని చోట్ల బీమా ఇచ్చేవాడు దొరకడమే కష్టమై, ఎవరూ ఇవ్వనివాళ్ళ కోసం 2023లో ఆ రాష్ట్రం ఒక ప్రత్యేక ఏర్పాటుకు చట్టం చేయవలసి వచ్చింది. దీనికి తోడు వడగళ్ళు. 2017 మే నెలలో డెన్వర్ మీద పడిన ఒక్క వడగళ్ళ వాన నష్టం రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. అందుకే కోడలికి చెప్పాను: ఇంటి ధర అడగకముందు ఆ ఇంటి బీమా ఎంతో అడుగు. ధర ఒకసారి ఇచ్చేది, బీమా ఏటా ఇచ్చేది.

కంటికి కనిపించని జబ్బుల నేల నుంచి వచ్చినదాన్ని కదా, రాడాన్ గురించి కూడా చెప్పాలి. నేలలోని యురేనియం నుంచి పుట్టే వాయువు అది. వాసన లేదు, రంగు లేదు. పొగ తాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెద్ద కారణం అదే. కొలరాడో ఇళ్ళలో ఇంచుమించు సగం వాటిలో అది అమెరికా ప్రభుత్వం చెప్పిన హద్దుకు మించి ఉంటుంది. పరీక్ష సులువు, నేల కిందకు గొట్టం వేసి ఫ్యాను పెడితే పోతుంది. కాని అడగాలి. మీ ఫొటోల కథనంలో దీని మీద ఒక్క వాక్యం లేదు.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి, మీరు వేసిన ఆ బంగారు రంగు ఆస్పెన్ చెట్లు సెప్టెంబరు చివర రెండు మూడు వారాలు అలా ఉంటాయి. అదే దారిలో ఫిబ్రవరి శనివారం పొద్దున, మంచు మీద జారే ఆటకు జనమంతా ఒక్కసారి బయలుదేరినప్పుడు, ఐ-70 రోడ్డు ఎలా ఉంటుందో కూడా వేసి ఉండాల్సింది. పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హవర్ సొరంగం దగ్గర కార్లు మన సిరిమాను రోజు విజయనగరం వీధుల్లో జనం కదిలినట్టే కదులుతాయి. రాకీ మౌంటెన్ పార్కుకు వేసవిలో రద్దీ వేళల్లో వెళ్ళాలంటే ముందుగా సమయం రాయించుకోవాలి. 2010లో యాభై లక్షలున్న రాష్ట్రం 2020 నాటికి యాభై ఏడు లక్షలు దాటింది. అందరూ ఆ కొండల కోసమే వచ్చారు మరి.

మా అబ్బాయి వాదన వేరు. వాడికి కొండలంటే కోపం లేదు, ఉద్యోగమంటే భయం. ఇద్దరివీ హెచ్-1బి వీసాలే. వేరే నగరానికి మారితే కంపెనీ కొత్తగా సవరణ దాఖలు చేయాలి. గ్రీన్ కార్డు పని ఏ ప్రాంతంలోని ఉద్యోగం పేరు మీద మొదలైందో అది దాటితే లేబర్ సర్టిఫికేషన్, అంటే ఆ పనికి అక్కడివాళ్ళు దొరకలేదని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, మళ్ళీ మొదటి నుంచి చేయవలసి రావచ్చు. గ్రీన్ కార్డు వరుసలో వాళ్ళ తేదీ సాధారణంగా నిలుస్తుందట గాని, అది లాయరు నోటి నుంచి వినాలి, స్నేహితుల నోటి నుంచి కాదు. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఉండేది 60 రోజులు. "అమ్మా, డాలస్‌లో అరవై రోజుల్లో దొరుకుతుంది. అక్కడ కంపెనీలు తక్కువ" అంటాడు. ఆ మాటకు కోడలి దగ్గర కూడా జవాబు లేదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కొలరాడోలో నాలుగు శాతం పైన ఉంది; ఇంటి పన్ను మాత్రం టెక్సాస్‌లోనే బరువు. ఆ లెక్కలు వాళ్ళిద్దరూ కంప్యూటర్‌లో వేసుకున్నారు, నేను తలదూర్చలేదు.

డాలస్‌లో అన్నీ బాగున్నాయా అంటే అదీ లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మావాళ్ళు కరెంటు లేక, నీళ్ళు లేక, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చున్నారు. ప్రమాదం లేని చోటికి వెళ్దామని ఎవరూ అనడం లేదు. ఏ ప్రమాదంతో బతకగలమో ఎంచుకుందామంటున్నారు. తుఫాను వస్తుందని తెలిసీ మళ్ళీ కొబ్బరి మొక్కలే నాటిన ఊరివాళ్ళం, ఆ మాటను కాదనడానికి మాకు నోరెక్కడిది?

మధ్యవర్తిగా నేను చెప్పింది ఇది. ముందు కంపెనీ కాగితం మీద ఒప్పుకోవాలి, లాయరు చూడాలి. ఆ తర్వాత ఫిబ్రవరిలో ఒకసారి, కొండల్లో పొగ కమ్మే ఆగస్టులో ఒకసారి వెళ్ళి, హోటల్లో కాకుండా మామూలు వీధిలో ఒక ఇంట్లో ఉండండి. బుధవారం నాడు ఎలా ఉంటుందో చూడండి. పని ముగించుకుని చీకటి పడ్డాక కూరగాయలు తెచ్చుకుని, మంచు మీద కారు నడుపుకుని ఇంటికి రండి. పలకరించడానికి తెలుగువాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో చూడండి. క్యాజిల్ రాక్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉందట. లాంగ్‌మాంట్ నుంచి అక్కడికి వెళ్ళి రావడానికి సగం పూట పోతుంది. ఇంత చూశాక కూడా కొండే కావాలనిపిస్తే ఊరి మధ్యలో ఏడాది పాటు అద్దెకు ఉండండి. కొనడం గురించి ఆ ఏడాదిలో నోరెత్తవద్దు. పైన్ చెట్ల మధ్య ఉన్న ఇంటిని ఎంత ముద్దుగా ఉన్నా కొనవద్దు. అబ్బాయి అన్నిటికీ తలూపాడు. కోడలు ఆఖరి దానికి ఊపలేదు.

పెద్దమనిషి గారు తన ఉత్తరం చివర, ఇలా ఊళ్ళు మారుతూ పోతే తల్లిదండ్రులను ఎవరు చూస్తారని అడిగారు. డాలస్ నుంచి సోంపేట ఎంత దూరమో డెన్వర్ నుంచీ ఇంచుమించు అంతే. మమ్మల్ని చూసేది ప్రస్తుతానికి పక్కింటి ఆటో అబ్బాయి, ఆ ఏర్పాటు పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నా మారదు. మారేది మేము అక్కడికి వెళ్ళడం. మా వారికి ఉద్దానం జబ్బు కొద్దిగా అంటింది, దాని వల్ల రక్తం తక్కువ. రక్తం తక్కువున్నవాళ్ళకు ఎత్తు ప్రదేశంలో ఆయాసం ఎక్కువ. డాక్టరు గారిని అడిగితే, హిమోగ్లోబిన్ కాస్త పెరిగాక, వేసవిలో వెళ్ళి, మొదటి వారం కింది ఊళ్ళోనే ఉండమన్నారు. మందులు వాడుతున్నారు. దానికి తోడు సోంపేట బజారులో ఒక ఉన్ని మఫ్లరు కూడా కొన్నారు. వెళ్ళేది జూలైలో కదా, ఇదెందుకని అడిగితే, కొండ మీదకు కదా అంటున్నారు.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.